కెటిల్ కూసేలోగా

నోలీన్ కాటర్‌మోల్‌కు మంచు అంటే అసహ్యం. భయం కాదు, చలికి ఓర్చుకోలేకపోవడమూ కాదు. తాగుతున్న సూప్‌లో ఎవరిదో వెంట్రుక నాలుకకు తగిలితే కడుపులో దేవినట్టు అవుతుంది చూడండి, అలాంటి అసహ్యం. అయినా ముప్ఫై చలికాలాలుగా, భూగోళం కింది సగంలో ఉన్న ఆ దేశంలో చలికాలమైన జూలై నుంచి సెప్టెంబరు దాకా, ప్రతి శని ఆదివారాలూ ఆమె బ్రాక్లీ కొండ మీద, స్కీ క్లబ్బు బసలో, ఆ మంచుకు ఎదురుగానే నిలబడి వంట చేస్తోంది. ఎందుకంటే ఆమె మొగుడు మెర్వ్ ఆ కొండకు మోకు కెప్టెన్.

బ్రాక్లీ పెద్ద కొండేం కాదు. పెద్ద కొండల మీద జనం తీగలకు వేలాడే కుర్చీల్లో కూర్చుని పైకి పోతారు, అద్దాల గదుల్లో కాఫీ తాగుతారు. బ్రాక్లీ వాళ్ళు వాళ్ళను ‘కుర్చీగాళ్ళు’ అంటారు. ఇక్కడున్నది ఒక డీజిల్ ఇంజన్, దానికో రేకుల షెడ్డు, వాలు పొడుగునా కప్పీల మీద తిరిగే ఒక మోకు, కింద తుప్పు పట్టిన కప్పుతో ఒక బస. మంచు మీద జారే స్కీ పలకలు కాళ్ళకు తొడుక్కున్నవాడు నడుముకు పట్టీ కట్టుకుంటాడు. పట్టీకి గొలుసుతో ఒక ఇనప సాధనం వేలాడుతుంటుంది. రెండు దవడలతో అచ్చం అడకత్తెరలా ఉంటుంది గనక దాన్ని అలాగే పిలుస్తారు. పరిగెత్తే మోకును తోలు తొడుగు వేసుకున్న చేత్తో పట్టుకుని, దాని వేగం అందుకుని, రెండో చేత్తో అడకత్తెరను దాని మీదికి విసిరి బిగించాలి. బిగిస్తే మోకు మనిషిని నడుము పట్టి పైకి ఈడ్చుకుపోతుంది. బిగించలేకపోతే బురదమంచులో బోర్లా పడతాడు. చెయ్యి వేళకు తీయకపోతే కప్పీ దగ్గర వేళ్ళు నలుగుతాయి. ఈ హింసనంతా వీళ్ళు సెలవురోజు సరదా అనుకుంటారు. పైగా కుర్చీగాళ్ళను తలచుకుని జాలిపడతారు.

జాలిపడవలసింది వంటగదిలో నిలబడేవాళ్ళని చూసి అని నోలీన్ అభిప్రాయం. కొండ మీద అందం చూసేవాళ్ళు ఆ అందం కరిగాక ఎక్కడికి పోతుందో చూడరు. అది బసలోకి వస్తుంది. బూట్లలోంచి, ప్యాంట్లలోంచి, గడ్డాల్లోంచి నేల మీదికి కారుతుంది. పొయ్యి మీద కట్టిన తాళ్ళకు నలభై జతల ఉన్ని మేజోళ్ళు వేలాడుతూ, తడిసిన కుక్కల కంపు కొడుతూ, కింద ఉడుకుతున్న గుమ్మడికాయ సూప్‌లోకి చుక్కలు రాలుస్తాయి. పొద్దున్న మిగిలిన ఓట్స్ జావ గిన్నెలు కడిగే తొట్టి గొట్టంలో గడ్డకడుతుంది. దాన్ని ఆమె వంకర తీగతో పొడిచి తీస్తుంటే, ఏ లెక్చరరో ఏ ప్లీడరో ముక్కు కింద గడ్డకట్టిన చీమిడితో తలుపు తోసుకుని వచ్చి, “స్వర్గం, నోలీన్, స్వర్గం!” అంటాడు.

“తలుపెయ్యి, స్వర్గం లోపలికొస్తోంది,” అంటుంది నోలీన్.

ఆమె సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి. టిమారులో తండ్రికి చేపలూ బంగాళదుంప వేపుళ్ళూ అమ్మే దుకాణం ఉండేది. నూనె వాసనలో పెరిగింది గానీ కిటికీ తీస్తే ఉప్పుగాలి వచ్చేది. పెళ్ళైన కొత్తలో, సరదాగా కొండకు పోదాం రమ్మని మెర్వ్ అంటే, మంచు చూపిస్తాడు కాబోలనుకుని కొత్త కోటు వేసుకుని వెళ్ళింది. అది వేసవి. మంచు లేదు. సభ్యులంతా కలిసి పనిచేసే వారం అది. ఆమె చేతికి పార ఇచ్చారు. కొత్త కోటుతో మరుగుదొడ్డి గుంట తవ్వింది. ఆ చలికాలం ఒక్కసారి స్కీలు తొడిగించి మోకు దగ్గర నిలబెట్టారు. పదడుగులు పోయి పడింది. నోటినిండా మంచు, అందులో ఎవరో ఉమ్మిన పొగాకు తునకా. లేచి స్కీలు విప్పేసి వంటగదిలోకి వెళ్ళింది. ఆ తర్వాత బయటికి రాలేదనే చెప్పాలి.

మెర్వ్ మంచివాడు. డార్ఫీల్డ్‌లో కుళాయి పనులు చేస్తాడు. వారం పొడుగునా ఇతరుల ఇళ్ళల్లో మోకాళ్ళ మీద వంగి పనిచేసి, శుక్రవారం సాయంత్రం కొండ ఎక్కగానే నిటారుగా నిలబడతాడు. అక్కడ దంతవైద్యులూ ఇంజనీర్లూ వచ్చి, “మెర్వ్, ఇవాళ మోకు నడుస్తుందా?” అని అడుగుతారు. అతను ఆకాశం చూసి, ముక్కు గోక్కుని, జవాబు చెప్పడానికి కావాలని ఆలస్యం చేస్తాడు. ఆ ఆలస్యం కోసమే అతను బతుకుతున్నాడని నోలీన్‌కు తెలుసు.

పోయిన సెప్టెంబరులో ఆ బతుకు కొంచెంలో పోయేది. షెడ్డు వెనక డీజిల్ పీపా దొర్లిస్తూ కూలబడ్డాడు. బంగాళదుంప తొక్కలు పారబోయడానికి వెళ్ళిన నోలీన్ ఒక్కతే చూసింది. ముఖం బూడిద రంగులో ఉంది. ఊళ్ళో డాక్టరు చెప్పింది సూటిగానే ఉంది: చలిలో బరువులు ఎత్తినా, మంచులో ఎదురు ఎక్కినా, ఇంకోసారి లేవడు.

“ఎవరికీ చెప్పకు, నోలీ,” అన్నాడు మెర్వ్ కారులో. “వచ్చే ఆగస్టు విందులో తాళంచెవి దించేస్తాను. నా అంతట నేను దించినట్టు ఉండాలి. గుండె పోయిన ముసలాడని నన్ను చూసి తలలూపడం మొదలెడితే నేను భరించలేను. చెప్పావంటే ఈ జన్మకి నీతో మాట్లాడను.”

ఆమె మాట ఇచ్చింది. ఈ మనుషులకు రోగం అనేది పక్కవాడి ఇంట్లో బట్టలు లేకుండా తిరగడం లాంటిది. ఎవరూ దాని గురించి మాట్లాడరు. కైకోరాలో సముద్రం ఒడ్డున చెల్లెలు గ్లెనిస్ ఇంటి వెనక భాగం ఖాళీగా ఉంది. తాళంచెవి దిగిన మర్నాడే అక్కడికి వెళ్ళిపోవాలని ఇద్దరూ అనుకున్నారు. అనుకున్నది ఎక్కువగా ఆమే.

తాళంచెవి దించడానికి బ్రాక్లీలో ఒక పద్ధతి ఉంది. ఓట్లూ కాగితాలూ ఏమీ లేవు. ఆగస్టు విందు చివర, మోకు కెప్టెన్ ఇంజన్ షెడ్డు తాళంచెవిని తీసి బల్ల మధ్యన బోర్లించిన పళ్ళెం మీద పెడతాడు. క్లబ్బు అధ్యక్షుడు కెటిల్ నిండా నీళ్ళతో పొయ్యి మీద పెడతాడు. అది కూసేలోగా సభ్యుల్లో ఎవరైనా చెయ్యెత్తితే తాళంచెవి వాళ్ళది. ఎవరూ ఎత్తకపోతే పాత కెప్టెనే మళ్ళీ తీసుకోవాలి, ఇంకో చలికాలానికి. అప్పుడు అందరూ బల్ల చరుస్తారు, ఆ కూసిన నీళ్ళతోనే టీ పెడతారు. ముప్ఫై ఏళ్ళలో మెర్వ్ తాళంచెవి పెట్టిన ప్రతిసారీ, నీళ్ళు కాగేదాకా జనం తమ పళ్ళేల్లోకి చూస్తూ కూర్చున్నారు. మరుగుదొడ్డి గుంట తవ్వడానికైనా ఎగబడతారు గానీ, తుఫానులో మోకు దగ్గర నిలబడటానికి ఎవరూ రారు. ఆ పనికి మెర్వ్ ఉన్నాడు. ఉన్నవాడిని పొగిడితే సరిపోతుంది.

ఈసారి నోలీన్ ముందే ఏర్పాటు చేసుకుంది. రెవీ అని, ట్రాక్టర్ల మరమ్మతు పనిచేసే యువకుడు ఉన్నాడు. మోకు అంటే ప్రాణం అతనికి. శుక్రవారం సాయంత్రం దుంపల పొట్టు తీసే వంతు అతనిది.

“నేను చెయ్యెత్తితే మెర్వ్‌కి కోపం రాదు కదా?” అన్నాడు రెవీ.

“వస్తే రానీ. వెచ్చగా ఉంటుంది.”

“ఆయన స్థానంలో నిలబడటమంటే మాటలు కాదు, నోలీన్.”

“స్థానం ఏంటయ్యా స్థానం! డీజిల్ కంపు కొట్టే రేకుల కొట్టు అది. చెయ్యెత్తుతావా లేదా?”

“ఎత్తుతా. ఒట్టు.”

ఆ రాత్రి నోలీన్ చాలా రోజుల తర్వాత నిద్రపోయింది.

శనివారం తెల్లవారేసరికి వాయవ్యపు గాలి. వెచ్చగా, జిడ్డుగా, పక్కన ఎవరో నోరు తెరిచి ఊపిరి వదులుతున్నట్టు. వెంటే వాన. వాన పడ్డ మంచు ఎలా ఉంటుందో చూడని వాళ్ళు అదృష్టవంతులు. విరిగిన పాలలా ఉంటుంది. ఆ విరిగిన పాలలో నలభైమంది పెద్దమనుషులు పైకి ఈడ్చుకుపోవడం, కిందికి జారడం, పడటం, మళ్ళీ లేచి వరసలో నిలబడటం. పదింటికి పొగమంచు దిగింది. పదకొండింటికి ఎండ వచ్చింది. “చూశారా, తెరిపిచ్చింది!” అని అరిచారు. ఆ మాట నోట్లో ఉండగానే వడగళ్ళు పడ్డాయి. కిటికీలోంచి చూస్తున్న నోలీన్‌కు వాళ్ళ మీద కోపం కూడా రాలేదు. చెత్తకుండీ చుట్టూ తిరిగే పిల్లుల్ని చూసి కోపం తెచ్చుకుంటామా?

మధ్యాహ్నం భోజనానికి అందరూ లోపలికి దూరారు. మెర్వ్ గాలిని వాసన చూసి రెవీతో, “దక్షిణం తిరగబోతోంది. నేను నాలుగు ముద్దలు తినొస్తా. ఇంజన్ చూస్తుండు,” అని వచ్చాడు. బ్రాక్లీలో అందరికీ తెలిసిన విషయం ఒకటుంది: దక్షిణపు గాలి తిరిగేటప్పుడు మోకు ఆగకూడదు. మనిషి ఉన్నా లేకపోయినా ఉత్తినే తిరుగుతుండాలి. వానలో నానిన మోకు నిలబడితే, ఆ గాలి తగిలిన నిమిషాల్లో కప్పీలకు అతుక్కుని రాయి అయిపోతుంది. రెవీకీ తెలుసు. కానీ వరసలో ఒక్కరూ లేరు, గాలి ఇంకా వెచ్చగానే ఉంది, పీపాలో డీజిల్ అడుగంటుతోంది. రేపు పొద్దున్నకు ఉండాలి కదా అని ఆలోచించి, కాసేపని ఇంజన్ ఆపాడు.

దక్షిణం ఆ కాసేపట్లోనే తిరిగింది. తలుపు మూసినట్టు వెచ్చదనం పోయింది. కిటికీల మీద వాననీళ్ళు జారుతూ జారుతూ నిలిచిపోయాయి. రెవీ పరిగెత్తి ఇంజన్ తిప్పేసరికి దాని బెల్టు కీచుమంది. మోకు కదల్లేదు.

మెర్వ్ ముద్ద వదిలేసి లేచాడు. కప్పీలకు పట్టిన మంచు కొట్టడానికి సుత్తి తీసుకున్నాడు.

“నేనెళ్తాను, మెర్వ్. నా తప్పే,” అన్నాడు రెవీ. ముఖంలో నెత్తురు లేదు.

“నువ్వా? కప్పీలు మంచులో కప్పబడిపోయాయి. ఏది ఎక్కడుందో నీకు తెలుసా?”

“చెప్పండి, వెతుక్కుంటాను.”

“చెప్తే తెలిసేవి కావురా నాయనా అవి.”

నోలీన్ వంటగది గుమ్మంలోకి వచ్చింది. “మెర్వ్, వాణ్ణి వెళ్ళనియ్యి.”

మెర్వ్ ఆమెను చూశాడు. ఆ చూపులో మాట గుర్తుచేసే బెదిరింపు ఉంది. “సూప్ మాడుతోంది, నోలీ,” అని తలుపు తీసి తెల్లటి గాలిలోకి వెళ్ళిపోయాడు. నాలుగడుగుల్లో కనబడకుండా పోయాడు.

ఆమె తొట్టి ముందు నిలబడి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. అప్పుడప్పుడూ గాలి సందులోంచి సుత్తి చప్పుడు వినబడేది. టంగ్. చాలాసేపటికి ఇంకా పైనుంచి ఇంకో టంగ్. వినబడినప్పుడల్లా బతికే ఉన్నాడనుకునేది. వినబడనప్పుడు అతన్ని తిట్టుకునేది. నోటితో పలకలేని మాటలన్నీ లోపల అనుకుంది. బసలో మిగతావాళ్ళు పొయ్యి చుట్టూ కాళ్ళు చాపుకుని, “ఇదీ బ్రాక్లీ అంటే. కుర్చీగాళ్ళయితే ఈపాటికి డబ్బు వాపసు ఇమ్మని ఏడుస్తుండేవాళ్ళు,” అని నవ్వుకుంటున్నారు. మేజోళ్ళు పొగలు కక్కుతున్నాయి.

మోకు కదిలింది. బసలో కేకలు. కొంతసేపటికి మెర్వ్ వంటగది వెనక తలుపు నుంచి వచ్చాడు, ముందు నుంచి కాదు. పెదాలు పలకరాయి రంగులో ఉన్నాయి. ఆమె టీ కప్పు ఇస్తే ఎడమచెయ్యి పట్టుకోలేకపోయింది. కుడిచేత్తో పట్టుకున్నాడు.

“చలి,” అన్నాడు.

“అవును, చలే,” అంది ఆమె.

“ఇవాళ తాళం దించేస్తానుగా. ఇంక ఎందుకా ముఖం?”

ఆమె ముఖం సంగతి ఆమెకు తెలియదు. అతని ముఖంలో మాత్రం, ఆ పలకరంగు కింద, పెళ్ళినాడు కూడా చూడని సంతోషం ఒకటి కనిపించింది.

రాత్రి విందు. గొర్రెమాంసం వేయించి పెట్టింది, పుదీనా పచ్చడి, బఠాణీలు, చివర పాకంలో ఉడికించిన తీపి. అధ్యక్షుడు అలస్టేర్ క్రైస్ట్‌చర్చ్‌లో పళ్ళ డాక్టరు. పెద్ద పళ్ళవాడు. ‘బ్రాక్లీ ఆత్మ’ అనే మాట లేకుండా అతను ఉప్పు కూడా అడగడు. లేచి నిలబడి ఇవాళ్టి మెర్వ్ సాహసం వర్ణించాడు. వెళ్ళి చూసినట్టే చెప్పాడు. అందరూ బల్ల చరిచారు.

రెవీ తల ఎత్తలేదు. తింటున్నాడు గానీ మింగడం కష్టంగా ఉంది. మెర్వ్ అతని వైపు తిరిగి అందరికీ వినబడేలా, “ఏరా రెవీ, ట్రాక్టర్లు బాగుచేసేవాడివి కదా అని ఇంజన్ అప్పజెప్తే, ఆపడం కూడా బాగుచెయ్యడమే అనుకున్నావా?” అన్నాడు. గదంతా గొల్లుమంది. “పర్వాలేదులే. డీజిల్ మిగిల్చాడు. రేపు దాంతో దుంపలు వేయించుకుందాం, నోలీ!” ఇంకో గొల్లు.

రెవీ కూడా నవ్వాడు. చెవులు ఎర్రబడ్డాయి. గిన్నెలు తీస్తున్న నోలీన్ అతని పక్కన ఆగి, మెల్లగా, “చెయ్యెత్తుతావుగా?” అంది.

“ఇవాళ్టి తర్వాతా?” అన్నాడు రెవీ పళ్ళెంలోకి చూస్తూ. “నా ముఖానికా, నోలీన్? వదిలెయ్యి.”

ఇంక ఆమెకు మిగిలింది కెటిల్ ఒక్కటే. సాయంత్రమే దాన్ని మూతి దాకా నింపి పెట్టింది, అంచున బయటి మంచు కూడా కూరింది. ఎంత చల్లగా ఉంటే అంత ఆలస్యంగా కాగుతుంది. అంతసేపు నిశ్శబ్దంలో కూర్చుంటే కుర్రవాడు కాకపోతే ఇంకొకడు, ఎవడో ఒకడు సిగ్గుపడి చెయ్యెత్తడా అని ఆశ. అంత పెద్ద కెటిల్ కాగేసరికి మనిషి తన బతుకంతా తలచుకోవచ్చు.

మెర్వ్ మెడలోంచి తాళంచెవి తీసి బోర్లించిన పళ్ళెం మీద పెట్టాడు. “పిల్లలూ, ముసలాణ్ణి అయ్యాను. ఈసారి నిజంగానే దించుతున్నాను. ఎవరైనా రండి,” అన్నాడు. గొంతు కూడా వణికించాడు. అలస్టేర్ వంటగదిలోకి వెళ్ళి కెటిల్‌ను పొయ్యి మీద పెట్టి వచ్చి కూర్చున్నాడు.

ఎవరూ చెయ్యెత్తలేదు. గాలికి కప్పు రేకులు మూలుగుతున్నాయి. నలభైమంది నలభై పళ్ళేల్లోకి చూస్తున్నారు. చలిలో ఏడ్చే దూడను చూసి తల తిప్పుకునే మనుషుల ముఖాలు. లెక్చరరు వేలితో పాకం నాకుతున్నాడు. ప్లీడరు పళ్ళలో ఇరుక్కున్న మాంసం నాలుకతో తోస్తున్నాడు. వీళ్ళ మేజోళ్ళు నేను ఉతికాను అనుకుంది నోలీన్. వీళ్ళ వాంతులు ఎత్తాను.

అప్పుడు వంటగదిలోంచి సన్నగా రాగం మొదలైంది.

ఆమె ఉలిక్కిపడింది. అది తన కెటిల్. ముప్ఫై ఏళ్ళుగా ఎరిగిన కెటిల్. నిండుగా ఉన్నప్పుడు అది ఇంత త్వరగా పాడదు. లోపలికి వెళ్ళి మూత ఎత్తింది. ఆవిరి ముఖాన కొట్టింది. లోపల అడుగున ఒక కప్పుకు సరిపడా నీళ్ళు. తొట్టిలో చూసింది. గొట్టం మూతి దగ్గర, జావ తెట్టుకు అంటుకుని, ఆమె కూరిన మంచుగడ్డ ఇంకా పూర్తిగా కరగలేదు.

విందు మధ్యలో చేతులు కడుక్కుంటానని వంటగదిలోకి వచ్చింది ఒక్కడే.

గుమ్మంలోంచి చూసింది. మెర్వ్ తల వంచుకుని వినయంగా కూర్చున్నాడు. చొక్కా కుడి మణికట్టు దగ్గర తడిగా, నల్లగా ఉంది. చెవి మాత్రం వంటగది వైపు పెట్టి ఉంది. ఈ ఒక్క ఏడాదే కాదేమో. ముప్ఫై ఏళ్ళూ ఇదేనేమో. ఆమె కైకోరా కిటికీల కొలతలు తీసుకుని తెరలు కుడుతుంటే, ఆ తెరల గురించి అవునవునని తల ఊపుతూనే, ఈయన ఇక్కడ చావాలని నీళ్ళు పారబోశాడు. పాపం, దాన్ని చావు అని కూడా అనుకుని ఉండడు. మోకు అనుకుని ఉంటాడు.

నిజం చెప్పేయొచ్చు. నోరు తెరిస్తే చాలు. కానీ మాట ఇచ్చింది. ఆయన మాట తప్పాడని తనూ తప్పితే ఇద్దరూ ఒకే తొట్టిలో పడ్డట్టు. అదీగాక, చెప్తే వీళ్ళంతా తలలు ఊపి, “అయ్యో మెర్వ్,” అని, మళ్ళీ పళ్ళేల్లోకే చూస్తారు.

రాగం ఈల అవబోతోంది.

నోలీన్ గిన్నెలు తుడిచే గుడ్డ పట్టుకునే చెయ్యెత్తింది.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. టీ ఎందరికి అని అడుగుతోంది కాబోలనుకుని ప్లీడరు, “నాకు పాలు వద్దు,” అన్నాడు.

“టీ కాదు. తాళంచెవి,” అంది నోలీన్.

అప్పుడు కెటిల్ కూసింది. ఎవరూ లేచి దించలేదు. అది కూస్తూనే ఉంది.

అలస్టేర్ పెద్ద పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. “భలే, నోలీన్! బ్రాక్లీ ఆత్మ అంటే ఇదీ! కానీ అమ్మా... నీకు స్కీయింగ్ రాదు కదా?”

“ఇంజన్ స్కీ చేస్తుందా?”

“అది కాదు, మోకు కెప్టెన్ అంటే సభ్యుడై ఉండాలి.”

“మొదటి ఏడాది నుంచీ సభ్యురాలినే. గుంట తవ్వేటప్పుడు నువ్వే సంతకం పెట్టించావు. అప్పుడు నీకు జుట్టు ఉండేది.”

ఎవరో పకపకా నవ్వారు. ఇంకెవరో బల్ల చరిచారు. ఒకరు చరిస్తే అందరూ చరుస్తారు కదా, మందకు అదే అలవాటు. నోలీన్ బల్ల దగ్గరికి వచ్చి, మెర్వ్ వైపు చూడకుండా తాళంచెవి తీసుకుని ఏప్రాన్ జేబులో వేసుకుంది. అది ఇంకా అతని ఒంటి వేడితో ఉంది.

అందరూ వెళ్ళాక వంటగదిలో అతను తలుపు మూశాడు.

“నలుగురిలో నన్ను ఇలా చేస్తావా? దీనికంటే నేను చావడం నయం.”

“నువ్వు చావకూడదనే చేశాను. నీళ్ళెవరు పారబోశారు, మెర్వ్?”

అతను తడి మణికట్టును రెండో చేత్తో కప్పుకున్నాడు, దొంగతనం చేసిన పిల్లాడిలా. ఆమెకు ఆ చెయ్యి చూస్తే అసహ్యం వేసింది. ఆ చేతికే రాత్రి పడుకోబోయే ముందు వేడినీళ్ళ సంచీ కట్టింది.

“కైకోరా సంగతి?” అన్నాడు గోడవైపు తిరిగి.

“ఇప్పుడు గుర్తొచ్చిందా? నాకు తాళంచెవి ఉంది. చలికాలం అయ్యేదాకా ఎక్కడికీ రాలేను. గ్లెనిస్‌కి చెప్పు.”

ఆదివారం పొద్దున్న మంచు కాదు, వాన కాదు, రెండింటికీ మధ్య ఏదో ముఖాన ఉమ్మినట్టు పడుతోంది. బస ముందు మెట్లు ఎవరో వాడిపారేసిన సబ్బులా జారుతున్నాయి. నోలీన్ మెర్వ్ ముందు బంగాళదుంపల బస్తా పెట్టి కత్తి చేతికిచ్చింది.

“షెడ్డు దరిదాపుల్లో కనబడ్డావంటే, నీ గుండె గురించి నేను చెప్పను. నీ కెటిల్ గురించి చెప్తాను. దానికి నేను మాట ఇవ్వలేదు.”

మెర్వ్ కత్తి వైపు చూశాడు. తర్వాత ఒక దుంప తీసుకుని పొట్టు తీయడం మొదలుపెట్టాడు. పొట్టుతో పాటు సగం దుంప పోతోంది. ఆమె షెడ్డుకు బయలుదేరింది.

షెడ్డులో రెవీ ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. తల వంచుకునే, “నేను పైన కప్పీలు చూసొస్తాను, కెప్టెన్,” అన్నాడు.

“కెప్టెన్ అనకు, కడుపులో తిప్పుతుంది. ఈ కర్ర ఎటు తోయాలో చెప్పు.”

“నెమ్మదిగా ముందుకు. ఇంజన్ గొంతు మారగానే వదలాలి. భయపడకు.”

“భయం కాదయ్యా. కంపు. ఈ డీజిల్ కంపులో ఆయన ముప్ఫై ఏళ్ళు ఎలా నిలబడ్డాడు?”

“ఆయనకి ఇష్టం కదా,” అన్నాడు రెవీ.

బయట అప్పుడే వరస కట్టారు. నడుములకు పట్టీలు, పట్టీలకు అడకత్తెరలు, కనుబొమల మీద తడి మంచు, ముక్కుల నుంచి కారుతున్న నీళ్ళు. అందరికంటే ముందు అలస్టేర్. షెడ్డు కిటికీలోకి తల పెట్టి, నిన్నటిదాకా మెర్వ్‌ను అడిగినట్టే అడిగాడు.

“ఏమంటావు, నోలీన్? ఇవాళ తెరిపి ఇస్తుందా?”

ఆమె ఆకాశం వైపు చూడలేదు. జేబులోంచి రుమాలు తీసి ముక్కు చీదుకుంది. వరసలో ఉన్నవాళ్ళంతా తన జవాబు కోసం ఆగి ఉన్నారు. ఆ ఆగడం ఆమెకు ఒక్క క్షణం బాగానే అనిపించింది. అనిపించినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

“ఇవ్వదు,” అని, కర్రను ముందుకు తోసింది.